చెప్పుల కాపలా

బ్లెస్సీకి గుండెలో కన్నం ఉందని ఊరందరికీ తెలుసు. కలిదిండి దాటి చెరువుగట్ల వెంట లోపలికి పోతే వచ్చే ఆ చిన్న ఊళ్లో ఎవరి పొయ్యి మీద ఏ కూర ఉడుకుతోందో ఎదురింటివాళ్లకు ముందే తెలుస్తుంది. ఇక గుండెలో కన్నం సంగతి దాగుతుందా? పైగా దాచాలని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. ప్రతి ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయం రాగానే వాళ్లమ్మ విక్టోరియా నెత్తిన ముసుగు సర్దుకుని లేచి నిలబడేది. నా బిడ్డకి మూడేళ్లప్పుడు గుండెలో కన్నం ఉందని ఏలూరులో డాక్టరుగారు చెప్పారనీ, ప్రభువు దాన్ని ముట్టి బాగుచేశాడనీ, ఇదిగో నా బిడ్డ మీ కళ్లముందే ఉందనీ చెప్పి బ్లెస్సీని పక్కన నిలబెట్టేది. సంఘమంతా చప్పట్లు కొట్టేది. పాస్టరుగారు ఆ పిల్ల నెత్తిన అరచెయ్యి ఆనించి ప్రార్థన చేసేవారు.

అక్కడిదాకా బాగానే ఉంది. చిక్కంతా చర్చి గుమ్మం దాటాక వచ్చేది. "మెల్లిగా దిగవే తల్లీ, మెల్లిగా! గుండె అదురుతుంది" అంటూ అదే విక్టోరియా ఆ పిల్ల రెక్క పుచ్చుకుని మెట్లు దింపేది. చర్చిలో నయమైపోయిన గుండెకు చర్చి బయట మళ్లీ కన్నం పడేదన్నమాట. ఈ రెండు మాటలకూ పొత్తు కుదరదని ఊళ్లో ఒక్కరికీ తోచకపోవడం వింతే. సాక్ష్యం చెప్పేశాక మళ్లీ డాక్టరు దగ్గరికి వెళితే దేవుణ్ని నమ్మనట్టు. పిల్లను పరిగెత్తిస్తే దేవుడికి పరీక్ష పెట్టినట్టు. అందుకని రెండూ మానేసి పిల్లను కూర్చోబెట్టారు.

అలా కూర్చుని కూర్చునే బ్లెస్సీ తొమ్మిదో తరగతికి వచ్చింది. తాడాట రాదు, తొక్కుడుబిళ్ల రాదు, సైకిలు రాదు. ఎవరైనా బంతి విసిరితే పట్టుకోవడానికి బదులు కళ్లు మూసుకుని మొహానికి చేతులు అడ్డం పెట్టుకునేది. బడికీ ఊరికీ మధ్య మురుగుకాలువ మీద అడ్డంగా ఒక తాటిదుంగ వేసి ఉండేది. తోటిపిల్లలు సంచులు ఊపుకుంటూ దాని మీంచి పరుగున దాటిపోతే, ఈ పిల్ల ఒక్కతీ రోడ్డంట చుట్టూ తిరిగి వచ్చేది. వచ్చేసరికి చెప్పుకోవలసిన కబుర్లన్నీ అయిపోయేవి.

బడి వదిలాక ఆడపిల్లలు గ్రౌండులో ఖోఖో ఆడేవారు. బ్లెస్సీకి అప్పుడొక ఉద్యోగం ఉండేది. నిద్రగన్నేరు చెట్టుకింద కూర్చుని అందరి చెప్పులకూ సంచులకూ కాపలా కాయడం. ఎవరి చెప్పు ఎక్కడ తెగిందో, ఎవరి మడమ ఎటు అరిగిందో ఆ పిల్లకు కంఠతా వచ్చు. ఆ చెప్పుల్లో కాళ్లు పెట్టుకునేవాళ్లలో ఒక్కరూ "నువ్వూ రావే" అని మాత్రం అనలేదు. వాళ్లేమీ చెడ్డవాళ్లు కారు. ఇది ఎక్కడ పడిపోయి ప్రాణం మీదికి తెస్తుందోనని వాళ్లకూ భయమే.

అందరికంటే భయం బ్లెస్సీకి. వాళ్ల నాన్న రాజ్ కుమార్ రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండేవాడు. చెరువులో నీళ్లు చిలికే ఏరియేటర్ చక్రాలు ఆగిపోతే గాలి అందక రొయ్యలన్నీ తేలిపోతాయి. కరెంటు పోయిందంటే కంచం ముందు నుంచి లేచి పరిగెత్తేవాడాయన. ఆ చక్రాల చప్పుడు ఇంట్లోకి ఎప్పుడూ వినిపిస్తూనే ఉండేది. తన గుండె కూడా అలాంటి చక్రమేనని ఆ పిల్ల చిన్నప్పుడే అనుకుంది. అయితే ఇది ఆగిపోతే పరిగెత్తుకెళ్లి జనరేటరు వేసేవాళ్లు లేరు. అందుకని లెక్కలు చేస్తున్నా, అన్నం తింటున్నా, ఒక చెవి లోపలికి వేసే ఉంచేది. ఎప్పుడైనా ఒక దెబ్బ గట్టిగా కొట్టుకుంటే చేతిలోది చేతిలోనే వదిలేసి బిగుసుకుపోయేది.

రోజూ పొద్దున్న జడ వేసేటప్పుడు విక్టోరియా దువ్వెన ఆపి, "ఒక్క క్షణం కదలకు" అని కూతురి వీపు మీద, రెండు రెక్కల మధ్య అరచెయ్యి ఆనించేది. కళ్లు మూసుకుని వినేది. "ఊఁ, బాగానే ఉంది" అన్నాకే రిబ్బను ముడి వేసేది. ఆ మాట వచ్చేదాకా బ్లెస్సీ ఊపిరి బిగబట్టుకుని ఉండేది. ఏదో ఒక రోజు అమ్మ ఆ మాట అనకుండా ఉండిపోతుందని ఆ పిల్లకు గట్టి నమ్మకం.

ఆ ఏడు వానాకాలంలో తాడేపల్లిగూడెం నుంచి చంద్రకళ అనే పీఈటీ టీచరు బదిలీ మీద వచ్చింది. మనిషి పొట్టి. గొంతుకు మాత్రం మైకు అక్కర్లేదు. వచ్చీ రాగానే ఫిట్‌నెస్ టెస్టులంటూ తొమ్మిదో తరగతి ఆడపిల్లలందర్నీ గ్రౌండులో వరసగా నిలబెట్టింది. మొదటిది ఒంటికాలి మీద నిలబడటం.

"కొంగ నిలబడదా నీళ్లల్లో? అలాగన్నమాట. ఎదురుగా ఒక చోట చూపు నిలపండి. ఊగినా ఫరవాలేదు, కాలు మాత్రం కింద పెట్టకండి."

కొల్లేటి పిల్లలకు కొంగ గురించి ఒకరు చెప్పాలా! అందరూ ఠక్కున కాలెత్తేశారు. బ్లెస్సీ కూడా ఎత్తింది. ఎత్తీ ఎత్తగానే కింద నేల జరిగిపోయినట్టయింది. గాలిలో చేతులు ఆడించి, పక్కన నిలబడ్డ శ్రీదుర్గ చెయ్యి పట్టుకుని, ఆ పిల్లను కూడా లాక్కుని పడింది. వరసంతా గొల్లున నవ్వింది. శ్రీదుర్గ మాత్రం నవ్వలేదు. ఖోఖో టీముకు కెప్టెన్ అది, బడిలో దేనికీ జంకని పిల్ల. అలాంటిది బెదిరిపోయి కేకేసింది.

"మేడమండీ! బ్లెస్సీ పడిపోయిందండీ! దానికి గుండెలో కన్నమండీ!"

చంద్రకళ పరుగున వచ్చి బ్లెస్సీని చెట్టుకిందికి తీసుకుపోయి కూర్చోబెట్టింది.

"ఎవరు చెప్పారమ్మా కన్నమని?"

"ఏలూరు డాక్టరుగారండి. నాకు మూడేళ్లప్పుడండి."

"తర్వాత ఎప్పుడు చూపించారు?"

"చూపించలేదండి. నయమైపోయిందండి."

"అమ్మయ్య. నయమైపోతే మరి పరుగు టెస్టుకి రావచ్చు కదా?"

"అమ్మో, కన్నముందండి!"

నవ్వాలో కోప్పడాలో చంద్రకళకు తెలియలేదు. చివరికి, "డాక్టరు చూసి సరేననేదాకా నిన్ను ఒక్క అడుగు కూడా పరిగెత్తించను. కానీ చూపించకుండా ఇలా కూర్చోబెట్టేదీ లేదు. రేపు మీ అమ్మగారిని రమ్మని చెప్పు" అంది.

విక్టోరియా వచ్చింది. చేపల ప్యాకింగు షెడ్డులో పని మధ్యలో వదిలేసి, చేతులకు ఐసు చల్లదనం ఇంకా తగ్గకుండానే వచ్చింది.

"ఏవండీ, మా పిల్ల జోలికి మాత్రం రాకండి. మీకు దణ్ణం పెడతాను. ప్రభువు దాన్ని బాగుచేశాడండి."

"బాగుచేస్తే అంతకంటే ఏం కావాలండీ? ఒక్కసారి డాక్టరుగారికి చూపించండి. ఆయన కూడా ఆ మాటే అంటారు."

"చూపిస్తే నమ్మకం లేనట్టే కదండీ?"

"పరిగెత్తనివ్వకపోతే నమ్మకం ఉన్నట్టాండీ?"

విక్టోరియా కొంగు బిగించుకుని గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలు తోమిన చప్పుడు వీధి చివరికి వినిపించింది. అమ్మ ఒప్పుకోనందుకు బ్లెస్సీ లోపల్లోపల దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. డాక్టరు చూస్తే కన్నం ఉందని చెప్తాడు. చూడకపోతే ఉండనైనా ఉండకపోవచ్చు. పిల్ల ఆలోచనలు అలా ఉండేవి, తల్లి ఆలోచనలు కూడా అంతే.

కొన్నాళ్లకు మండలం ఆటల పోటీలకని ఖోఖో ప్రాక్టీసు జోరందుకుంది. ఒక సాయంత్రం ఆట మధ్యలో ఉన్నట్టుండి ఆకాశం నల్లబడి వాన దబదబా కురిసింది. పిల్లలందరూ చెట్టుకిందికి వచ్చి, చేతికందిన సంచులూ చెప్పులూ లాక్కుని ఎవరిళ్లకు వాళ్లు లగెత్తారు. బ్లెస్సీ బడి వరండాలోకి చేరి వాన వెలిసేదాకా ఆగింది. వచ్చి చూస్తే చెట్టుకింద ఒక జత మిగిలిపోయి ఉంది. ఎడమదాని పట్టీకి ఎర్రదారంతో కుట్టు. శ్రీదుర్గవి.

మరొకరైతే రేపు ఇద్దాంలే అనుకునేవారు. కానీ కాపలా ఉన్న మనిషికి బాధ్యత ఉంటుంది కదా. బ్లెస్సీ ఆ చెప్పులు తీసుకుని శ్రీదుర్గ ఇంటికి బయల్దేరింది. రోడ్డంట వెళితే పొద్దు గూకేలా ఉంది. చెరువుగట్టు మీంచి వెళ్లి, దుంగ దగ్గరికి రాగానే శ్రీదుర్గను కేకేస్తే సరి, వాళ్లిల్లు కాలువకు అవతలే. అదే దాటి వచ్చి తీసుకుంటుంది.

గట్టు మీద ఒకచోట చచ్చిన చేపలు పారబోస్తారు. ఆ తిండికి మరిగిన కుక్కలు అక్కడే తిరుగుతుంటాయి. మామూలుగా మనుషుల జోలికి రావు. ఆ రోజు వానకు వాటి తిండి కొట్టుకుపోయింది కాబోలు, బ్లెస్సీని చూడగానే ఒకటి లేచింది. దాని వెనకాల ఇంకొకటి, ఆ వెనకాల గుంపంతా. ముందున్నది పళ్లు బయటపెట్టి గుర్రుమంది.

తర్వాత జరిగింది బ్లెస్సీకి సరిగా జ్ఞాపకం లేదు. పరిగెత్తాలని అనుకోలేదు. కాళ్లు ఆ పిల్లను అడగలేదు. చెవుల్లో గాలి, వెనకాల అరుపులు, కాళ్లకింద జారే బురద. ముందు కాలువ వచ్చింది, కాలువ మీద దుంగ వచ్చింది. ఆగడానికి వీల్లేదు. ఆ తాటిదుంగ మీద నాలుగడుగులు పడ్డాయో ఐదు పడ్డాయో, అవతలి ఒడ్డున శ్రీదుర్గ వాళ్ల పశువులపాక ముందు బోర్లా పడింది. కుక్కలు ఇవతలే ఆగిపోయి కాసేపు మొరిగి వెనక్కి తిరిగాయి.

అప్పుడు మొదలైంది అసలు భయం. ఛాతీలో ఎవరో రోకలితో దంచుతున్నట్టుంది. గొంతులో, చెవుల్లో, చేతివేళ్ల చివర్లలో అంతా అదే. గాలి లోపలికి వెళ్లడం లేదు. ఇన్నేళ్లూ అమ్మ చెప్పింది ఇదే, ఇప్పుడు వచ్చేసింది అనుకుంది.

చప్పుడు విని శ్రీదుర్గ బయటికి వచ్చింది.

"ఏంటే ఇది? గట్టు మీంచి వచ్చేవా? దుంగ దాటేవా? నువ్వా?"

"దుర్గా, నేను పరిగెత్తేనే. చచ్చిపోతున్నాను. మా అమ్మకి చెప్పకే."

శ్రీదుర్గ బురదలోనే చతికిలబడి, బ్లెస్సీ తలను ఒళ్లో పెట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక దాని ఛాతీకి చెవి ఆనించింది.

"కొట్టుకుంటోందే."

"ఆగిపోతుంది చూడు."

ఇద్దరూ చూశారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఏడుస్తూ, గుండె ఎప్పుడు ఆగుతుందా అని ఎదురుచూశారు. కాసేపటికి దంచుడు తగ్గింది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం పెరిగింది. పరిగెత్తిన గుండె తర్వాత నెమ్మదిస్తుందని పరిగెత్తినవాళ్లకు తెలుస్తుంది. బ్లెస్సీకి ఎలా తెలుస్తుంది?

"దుర్గా, ఆగిపోతోందే! మెల్లిగా అయిపోతోంది!" అని గావుకేక పెట్టింది.

"పరిగెడితే ఎవరికైనా అంతేనే! నాకూ అంతే. చూడు, కావలిస్తే నాది చూడు" అని శ్రీదుర్గ లేచి పాక చుట్టూ గబగబా పరిగెత్తి వచ్చి, బ్లెస్సీ చెయ్యి లాక్కుని తన ఛాతీకి పెట్టుకుంది. దడదడలాడుతున్న ఆ గుండె కాసేపటికి బ్లెస్సీ చేతికిందే నెమ్మదించింది. అది చూసినా బ్లెస్సీకి నమ్మకం చిక్కలేదు. దుర్గ గుండెకు కన్నం లేదు కదా. బిగించి పట్టుకున్న చెప్పుల జత దాని చేతిలోకి తోసి, గోడలు పట్టుకుంటూ, రోడ్డంట ఇంటికి వెళ్లింది.

మర్నాడు పొద్దున్న జడ వేస్తూ విక్టోరియా అలవాటుగా వీపు మీద చెయ్యి పెట్టింది. బ్లెస్సీకి ఇక దాచడం చేతకాలేదు. ఇప్పుడు కన్నం పెద్దదై ఉంటుంది, అమ్మ చేతికి తెలిసిపోతుంది అనుకుంది.

"అమ్మా, నిన్న కుక్కలు తరిమితే పరిగెత్తేనమ్మా."

దువ్వెన కింద పడింది. విక్టోరియా తిట్టలేదు, కేకలు వెయ్యలేదు. పొయ్యి ఆర్పింది. సగం వేసిన జడకు రబ్బరు బ్యాండు చుట్టింది. పనికి కబురు కూడా చెప్పకుండా కూతుర్ని ఆటో ఎక్కించి కైకలూరు చేర్చి, అక్కడ ఏలూరు బస్సు ఎక్కించింది.

కొల్లేటి మధ్య రోడ్డు మీద బస్సు పోతోంది. రెండు పక్కలా నీళ్లు, నీళ్లల్లో ఒంటికాలి మీద కొంగలు. తల్లి చెయ్యి కూతురి చేతిని నలిపేస్తోంది. సగం దూరం వచ్చాక విక్టోరియా కిటికీకేసే చూస్తూ మాట్లాడింది.

"ఆరేళ్లు రాగానే మళ్లీ తీసుకురమ్మన్నారే డాక్టరుగారు. ఉంటే ఆపరేషన్ అన్నారు. తీసుకెళ్లలేకపోయేను."

"దేవుణ్ని నమ్మేం కదమ్మా, అందుకే కదా?"

"అందుకు కాదే. ఉందంటారేమోనని భయమేసింది. సాక్ష్యం చెప్పేస్తే ఇంక వెళ్లక్కర్లేదు కదా అనిపించింది."

ఇంత పెద్ద మనిషి, చర్చిలో అంత గట్టిగా మాట్లాడే మనిషి, తనలాగే భయపడుతుందని ఆ పిల్ల ఎప్పుడూ అనుకోలేదు. అది తెలిశాక ధైర్యం రావలసింది పోయి ఇంకా భయం పెరిగింది. అమ్మ కూడా భయపడుతుంటే ఇక పట్టుకోవడానికి ఏముంది?

ఆస్పత్రిలో చాలాసేపు కూర్చోబెట్టారు. పేరు పిలిచాక బ్లెస్సీని చీకటి గదిలో మంచం మీద పడుకోబెట్టి, ఛాతీ మీద చల్లటి జెల్లు రాసి, డాక్టరమ్మ ఒక మిషను ఆనించి అటూ ఇటూ కదిపింది. తెర మీద బూడిదరంగులో ఏదో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. అదే తన గుండె అని బ్లెస్సీకి అర్థమైంది. చూడకూడదనుకుంటూనే చూసింది. ఇన్నేళ్లూ వింటూ కాపలా కాసినది ఇదా! ఇంతే ఉంటుందా!

డాక్టరమ్మ మిషను ఒకచోట ఆపింది, మళ్లీ జరిపింది, మళ్లీ అక్కడికే తెచ్చింది. మూల నిలబడ్డ విక్టోరియా పెదవులు ప్రార్థనకు కదులుతున్నాయి కానీ ఒక్క మాటా పూర్తవడం లేదు.

"ఏ కన్నమమ్మా మీరు చెప్పేది?" అంది డాక్టరమ్మ చివరికి. "ఇక్కడ ఏమీ లేదు. ఎప్పుడో పూడుకుపోయింది. చిన్న కన్నమైతే చాలామంది పిల్లలకి దానంతటదే పూడుకుపోతుంది. ఆరేళ్లప్పుడు తెచ్చినా ఈ మాటే చెప్పేవాళ్లేమో. ఇన్నాళ్లూ ఎందుకు తీసుకురాలేదు?"

విక్టోరియా వచ్చి కూతురి ఛాతీ మీది జెల్లు కొంగుతో తుడిచింది.

"పరిగెత్తొచ్చాండీ?" బ్లెస్సీ గొంతు తనకే వినిపించలేదు. మళ్లీ అడిగింది.

"పరిగెత్తొచ్చు, గెంతొచ్చు, ఈదొచ్చు. కూర్చోవడం ఒక్కటే వద్దు. ఇంత వయసొచ్చి మెట్లెక్కితే ఆయాసపడుతున్నావంటే అది కన్నం వల్ల కాదు, కూర్చోవడం వల్ల."

సినిమాల్లో అయితే అక్కడ ఏదో పాట వస్తుంది. బ్లెస్సీకి ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ ఏది చేతకాకపోయినా దానికి ఒక కారణం ఉండేది. ఇప్పుడు బంతి పట్టుకోలేకపోతే పట్టుకోలేనట్టే. పిలవకపోతే పిలవనట్టే. తిరుగు బస్సులో కోపం కూడా ఉంది ఆ పిల్లకు, చాలా ఉంది. కానీ పక్కన తల్లి వణుకుతుంటే దాన్ని ఎక్కడ దించాలో తెలియలేదు.

మర్నాటి నుంచి గ్రౌండు. చంద్రకళ మేడం తొందరపెట్టలేదు. కొన్నాళ్లు నడక, తర్వాత నడకా పరుగూ కలిపి, గోడకు బంతి కొట్టి పట్టుకోవడం, ఒంటికాలి మీద నిలబడటం. ఆ పిల్ల ఊగడం, పడటం, మళ్లీ లేవడం. మోకాళ్లు చెక్కుకుపోయాయి. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చూసి నవ్వేవారు. పరిగెత్తిన ప్రతిసారీ గుండె దంచుతుంటే పాత భయం గొంతుదాకా వచ్చేది. పూడుకుపోయిందని డాక్టరమ్మ చెప్పింది. కానీ ఆ మాట తలకు తెలిసినంత తొందరగా ఒంటికి తెలియలేదు. ఆగి, చెట్టుకు చెయ్యి ఆనించి, నెమ్మదించేదాకా వినేది. నెమ్మదించాక, ఆగిపోలేదు అని తనకు తాను చెప్పుకుని మళ్లీ మొదలుపెట్టేది.

ఇంకో కష్టం వచ్చిపడింది. చెప్పుల దగ్గర ఇప్పుడు ఎవరూ లేరు. అందరూ చెట్టుకింద విప్పి వదిలేసి వెళ్లిపోతున్నారు. కాపలా ఉద్యోగం పోయింది, ఆటలో చోటు రాలేదు. ఇంతకుముందు కనీసం "బ్లెస్సీ, ఇవి చూస్తూ ఉండవే" అని పేరు పెట్టి పిలిచేవారు.

ఒక రోజు టీములో ఒక పిల్లకు జ్వరం వచ్చింది. మేడం బ్లెస్సీని ఆ గడిలో కూర్చోమంది. ఖోఖోలో వరసగా గడుల్లో కూర్చున్నవాళ్లు తమంతట తాము లేవకూడదు. తరిమే పిల్ల వెనక నుంచి వచ్చి వీపు మీద తట్టి "ఖో" అనాలి. అప్పుడు లేచి పరుగు అందుకోవాలి. బ్లెస్సీ కూర్చుంది. అటూ ఇటూ అందరికీ ఖోలు అందుతున్నాయి. తన వెనకాల కాళ్ల చప్పుడు వస్తోంది, దాటిపోతోంది. ఒక్కసారి మాత్రం శ్రీదుర్గ ఆగి, వేలి చివరతో వీపు మీద ఎక్కడో ముట్టీ ముట్టనట్టు ముట్టి, "ఖో" అని గొణిగింది. అది ఖో అని బ్లెస్సీకి తెలిసేలోపు తరమాల్సిన పిల్ల అవతలి స్తంభం దాటిపోయింది.

"దాన్నెందుకండీ పెట్టారు?" అని ఎవరో విసుక్కున్నారు.

ఆట అయ్యాక బ్లెస్సీ శ్రీదుర్గ దగ్గరికి వెళ్లింది. వెళ్లడానికి ఆ దుంగ దాటినంత భయమేసింది.

"నాకు గట్టిగా ఇవ్వవే."

"నాకు భయమేస్తుందే" అంది శ్రీదుర్గ నేలకేసి చూస్తూ. "ఆ రోజు మా పాక ముందు నువ్వలా పడిపోయి... నా కళ్లల్లోంచి పోవట్లేదు. చెయ్యెత్తితే అదే కనిపిస్తుంది."

"నాకూ భయమేనే. అయినా ఇవ్వు."

మర్నాడు శనివారం. మళ్లీ అదే గడి. బ్లెస్సీ మోకాలు పైకి పెట్టి, వేళ్లు నేలకు ఆనించి, మేడం నేర్పినట్టు కూర్చుంది. వెనకాల కాళ్ల చప్పుడు వచ్చింది. దాటిపోతుందనుకుంది. ఛెళ్లున వీపు మీద పడింది దెబ్బ. రెండు రెక్కల మధ్య, ఐదు వేళ్లూ అచ్చుపడేలా. "ఖో!" అని శ్రీదుర్గ అరిచిన అరుపుకు చెట్టు మీద కాకులు లేచాయి.

ఈసారి కుక్కలు లేవు. అయినా కాళ్లు ఆ పిల్లను అడగలేదు. లేచింది, పరిగెత్తింది. ముందున్న పిల్ల జడ రిబ్బను చేతికి అందీ అందనంత దూరంలో ఊగుతోంది. స్తంభం దగ్గర తిరగబోయి జారింది, మోచెయ్యి నేలకు గీరుకుంది, లేచింది. అందుకోలేనని తెలిశాక దగ్గర్లో కూర్చున్న పిల్ల వీపు మీద తన బలమంతా పెట్టి ఒక్కటి చరిచి "ఖో!" అంది. "అబ్బా! చంపేశావే!" అంటూ ఆ పిల్ల లేచి పరిగెత్తింది. వరసంతా నవ్వింది. బ్లెస్సీ ఆ పిల్ల ఖాళీ చేసిన గడిలో కూలబడి, దడదడలాడే గుండెతో, తనూ నవ్వింది. గుండె సంగతి వినడం మర్చిపోయానని కాసేపటికి గాని గుర్తు రాలేదు. గుర్తు రాగానే మళ్లీ భయమేసింది, అది వేరే సంగతి.

శనివారం సాయంత్రాలు తలంటు, మర్నాడు చర్చి కదా. విక్టోరియా పెరట్లో పీట వేసి, వేన్నీళ్లు తోడి, కూతుర్ని కూర్చోబెట్టింది. జుట్టు ముందుకు తీసి చెంబు ఎత్తి ఆగిపోయింది. ఎర్రగా కందిన ఐదు వేళ్లు వీపు మీద.

"ఎవరే కొట్టింది?"

"కొట్టలేదమ్మా. దుర్గ ఖో ఇచ్చింది."

"ఇంత గట్టిగానా?"

"గట్టిగా ఇస్తేనే లేస్తామమ్మా."

విక్టోరియా చెంబు కింద పెట్టింది. రోజూ తను చెయ్యి ఆనించే చోటే అది. ఆ ఐదు వేళ్ల మీద తన ఐదు వేళ్లూ మెల్లగా ఆనించి కళ్లు మూసుకుంది. కింద గుండె కొట్టుకుంటోంది. "బాగానే ఉంది" అనబోయింది కానీ మాట పెగల్లేదు.

"రేపు అందరూ సాక్ష్యం చెప్పమంటారే" అంది. "ఏం చెప్పాలో తెలీట్లేదు. నిన్ను చూస్తే నాకు ఇంకా భయమేస్తూనే ఉందే, అమ్మలూ."

బ్లెస్సీ వెనక్కి తిరగకుండానే చెయ్యి చాచి తల్లి చీర కుచ్చెళ్లు పట్టుకుంది.

"నాకూ వేస్తుందమ్మా" అంది. "నీళ్లు పొయ్యి, చల్లారిపోతున్నాయి."